తలకాయ నాకియ్యి బిడ్డా

ఆయన చనిపోయిన సంగతి నాకు దినాలు కూడా అయిపోయాక తెలిసింది. అదైనా ఎట్లా తెలిసిందని! మధ్యాహ్నం బడిలో టిఫిన్ డబ్బాలు విప్పుకుని కూర్చున్నాం. కోడేరు వైపు నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చిన లెక్కల సారు మామిడికాయ తొక్కు నంజుకుంటూ మొదలుపెట్టాడు. వాళ్ళ దిక్కు ఒకాయన ఉండేవాడట, హైదరాబాదులో పెద్ద మిషన్ మీద మెదడు ఫొటోలు తీసేవాడట, పొగరెక్కి పెద్ద డాక్టరుకే అడ్డం తిరిగి ఉద్యోగం పోగొట్టుకున్నాడట, చివరికి మళ్ళీ కత్తెర పట్టుకున్నాడట, మొన్న గుండె ఆగి పోయాడట. అంతా చెప్పి నా డబ్బాలోకి తొంగిచూసి, వంకాయ కూర జర వేయమన్నాడు.

పొగరట! డబ్బా మూసేసి క్లాసుకు పోయాను. ఆ రోజు పిల్లలకు ఏం పాఠం చెప్పానో నాకే తెలియదు. పొగరంటే ఏమిటో నేను కళ్ళారా చూశాను. అది ఎవరిదో కూడా నాకు తెలుసు. ఆయనది కాదు. ఈ ముక్క చెప్పకుండా ఊరుకుంటే, లెక్కల సారు చెప్పినదే నిజమై నాలుగు ఊళ్ళు తిరుగుతుంది. అందుకే రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. బతికి ఉన్నప్పుడు ఆయన పేరు ఎక్కడ రాయాలో అక్కడ రాయని లోకానికి, పోయాక నేను చెబితే ఎంత, చెప్పకపోతే ఎంత.

మనిషి పొట్టి. నలభై అయిదు దాటి ఉంటాయేమో, జుట్టు ముందు వైపు పలచబడింది. కళ్ళలోకి చూసి మాట్లాడేవాడు కాదు, ఎదుటివాళ్ళ తల వైపు చూస్తూ మాట్లాడేవాడు. మొదట్లో నాకు చికాకు వేసింది. తర్వాత తెలిసింది, అది ఆయన కులవృత్తి అలవాటని. వాళ్ళ నాయన కోడేరు చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి క్షవరాలు చేసేవాడు. ఈయన కూడా పదో తరగతి దాకా పొద్దున గడ్డాలు గీసి, తర్వాత బడికి పోయి చదువుకున్నాడు. ఎక్స్‌రే కోర్సు చేసి, జిల్లా దవాఖానలో కొన్నేళ్ళు పనిచేసి, హైదరాబాదులో పెట్ స్కాన్ సెంటర్ పెడితే అందులో చేరాడు. మా దిక్కు మనిషి అంత పెద్ద మిషన్ మీద చేస్తుంటే మేమంతా గొప్పగా చెప్పుకోవాలి. చెప్పుకోలేదు.

నాకు ఆయనతో పని పడింది మా చెల్లెలి వల్ల. దానికి ఎనిమిదో ఏట నుంచి మూర్ఛలు. అప్పటికి ఇరవై నాలుగేళ్ళు, వనపర్తిలో కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టి బతికేది. ఎన్ని మందులు మార్చినా మూర్ఛలు తగ్గలేదు. ఒకసారి ఇస్త్రీపెట్టె మీద పడి ముంజేయి కాలింది. ఇంకోసారి కుడుతుండగానే వచ్చి, సూది వేలిలోకి దిగింది. అప్పుడు కుట్టుమిషన్‌తో సహా దాన్ని మా ఇంటికే తెచ్చుకున్నాను. చివరికి హైదరాబాదులో సర్జన్ ఒక దారి చెప్పాడు. మూర్ఛ మెదడులో ఎక్కడ పుడుతున్నదో కచ్చితంగా తెలిస్తే ఆ చిన్న ముక్క తీసేయవచ్చు, తీస్తే చాలామందికి ఆగిపోతాయి. అయితే అంతకు ముందు చేసిన పరీక్షల్లో ఒకటి ఎడమ అన్నది, ఒకటి కుడి అన్నది. కుడి అయితే పెద్దగా భయం లేదు. ఎడమ అయితే మాట పోవచ్చు, మాటలు గుర్తుకు రాకుండా పోవచ్చు. ఎడమా, కుడా? మా ఇంట్లో ఆ ఏడాదంతా ఇదే మాట. అది తేల్చడానికే పెట్ స్కాన్‌కు పంపారు.

నేను సైన్సు టీచర్ని కాబట్టి పిల్లలకు చెప్పినట్టే చెబుతాను. నరంలోకి చక్కెర లాంటి ఒక మందు ఎక్కిస్తారు. దానికి కాసేపు కిరణాలు వదిలే గుణం ఉంటుంది. మెదడులో ఏ చోటు ఆ చక్కెరను బాగా వాడుకుంటే అక్కడ వెలుగు కనిపిస్తుంది. మూర్ఛ పుట్టే చోటు మిగతా సమయంలో మందకొడిగా ఉంటుంది కనుక అక్కడ మసక. మామూలుగా అయితే మందు ఎక్కించి, కొంతసేపు ఊరికే ఉంచి, తర్వాత ఒక బొమ్మ తీస్తారు. ఆ సెంటర్లో అప్పుడే కొత్త పద్ధతి మొదలుపెట్టారు. మందు నరంలోకి దిగిన క్షణం నుంచే గంటసేపు వరసగా బొమ్మలు తీస్తూ పోవడం. మొదట కొన్ని సెకన్లకొకటి, తర్వాత నిమిషానికొకటి, పోను పోను అయిదు నిమిషాలకొకటి. అప్పుడు చక్కెర మెదడులోకి ఎట్లా ఎక్కిందో, ఎక్కడ ఎంత నిలిచిందో లెక్క కట్టవచ్చు. చాలా మంచి పద్ధతి. కానీ ఆ గంటసేపూ తల గోరంత కూడా కదలకూడదు.

మిగతావాళ్ళు తలకు పట్టీ బిగించి, కదలొద్దు, కదలొద్దు అని అరిచేవాళ్ళు. ఆయన ఎన్నడూ కదలొద్దు అనలేదు. ఆ మాట అంటే మనిషి బిగుసుకుంటాడని, బిగుసుకున్నవాడు తప్పకుండా కదులుతాడని ఆయన లెక్క. ముందు గోరువెచ్చని నీళ్ళతో చేతులు కడుక్కునేవాడు. చల్లని చేయి తగిలితే మెడ అదురుతుంది కదా. బాత్రూముకు పోయి రమ్మని మా చెల్లెలిని పంపాడు. మోకాళ్ళ కింద దిండు పెట్టాడు, పాదాలకు మేజోళ్ళు తొడిగించాడు. తల స్కాన్‌కు వస్తే కాళ్ళతో ఏం పని అనుకున్నాను. కాళ్ళు చల్లబడితే మనిషి మెల్లగా కాళ్ళు సర్దుకుంటాడు, కాళ్ళు సర్దుకుంటే నడుము, నడుము కదిలితే తల. గడ్డం గీసేటప్పుడు నేర్చుకున్న సంగతి ఇది. ఏ పుస్తకంలో ఉంది? సూది కూడా అరగంట ముందే పెట్టి ఉంచేవాడు, మందు దిగే మొదటి నిమిషంలో నొప్పికి ఉలిక్కిపడకుండా.

మా చెల్లెలు పడుకోబోతుంటే ఆగమని, నన్ను పిలిచాడు.

"టీచరమ్మా, జర జడ ఇప్పుండ్రి. జడ మీద తలకాయ నిలవది, దొర్లుతది."

జడ విప్పి జుట్టును రెండు వైపులా సమంగా పరిచాను. ఆయన తన అరచేతిని దాని తల కింద పెట్టి, బరువు ఎటు ఉందో చూసుకున్నాడు. తువ్వాల మడత మార్చాడు, మళ్ళీ చూశాడు. అప్పుడు అన్నాడు, "తలకాయ నాకియ్యి బిడ్డా. కాళ్ళు, చేతులు, పానం అన్నీ నీయే. తలకాయ ఒక్కటి గంటసేపు నాది." మా చెల్లెలు నవ్వింది. నవ్వాక దాని మెడ వదులైంది. ఇంత చేసి ఆయన గది బయట మిషన్ నడిపే కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

అంతా సరిగ్గానే పోయేది. పోనిచ్చారా? నడిమధ్యలో ఆ సెంటర్ పెద్ద డాక్టరు అయిదారుగురు పెద్దమనుషులను వెంటేసుకుని వచ్చాడు. చేతుల్లో పూలగుత్తులు. వాళ్ళకు మిషన్ చూపించాలట. నేను వరండాలో కూర్చుని చూస్తూనే ఉన్నాను. ఈయన లేచి చేతులు కట్టుకుని ఏదో చెప్పబోయాడు. డాక్టరు పక్కకు జరగమని చేయి ఊపి, లోపలి తలుపు తీసి, లైట్లు వేసి, గట్టిగా వివరించడం మొదలుపెట్టాడు. లోపల ఒక మనిషి పడుకుని ఉందన్న ధ్యాస కూడా లేదు. మా చెల్లెలు ఎవరో తనను పిలవడానికే వచ్చారనుకుని తల అటు తిప్పింది. తప్పు దానిది కాదు, ఎవరైనా తిప్పుతారు.

ఆయన జేబులో చిన్న పుస్తకం ఒకటి ఉండేది. స్కాన్ జరుగుతున్నంతసేపూ అందులో నిమిషం, పక్కన ఒక మాట రాసుకునేవాడు. పద్నాలుగు, మింగింది. పందొమ్మిది, దగ్గు ఆపుకుంది. ఆ రోజు ఇరవై రెండు దగ్గర తలుపు అని రాసుకున్నాడు. పెద్దమనుషులు వెళ్ళాక డాక్టరుకు ఆ పుస్తకం చూపించి, కదిలిన తర్వాతి బొమ్మలను సరిదిద్దాలని, లేదా ఇంకోసారి తీయాలని అడిగాడు. కంప్యూటర్ అన్నీ సరిచేసుకుంటుందని డాక్టరు జవాబు.

వారానికి రిపోర్టు వచ్చింది. ఎడమ. దానితో పాటు నిగనిగలాడే రంగు బొమ్మ. ఎంత అందంగా ఉందంటే మా బంధువులు కూడా చేతులు మార్చుకుంటూ చూశారు. బయట తలుపు దగ్గర కూర్చుని ఏడ్చాను నేను. మా చెల్లెలు ఏడవలేదు. "మాట పోతే పోనీ అక్కా. బట్టలు కుట్టనీకి మాటెందుకు?" అన్నది. అని పోయి కుట్టుమిషన్ ముందు కూర్చుంది. ఆ మాట తలచుకుంటే ఇవాళ్టికీ నా ఒళ్ళు మండుతుంది. ఒక పూలగుత్తి కోసం, ఒక ఫొటో కోసం దాని నోట ఆ మాట పలికించారు.

ఆ ఆదివారం పొద్దున నాగర్‌కర్నూల్‌లో మా ఇంటి ముందుకు ఆయన వచ్చాడు. ఫారంలో ఉన్న అడ్రసు చూసి, అడుగుతూ అడుగుతూ వచ్చాడట. చంకలో ఎక్స్‌రే కవరు. మంచినీళ్ళు కూడా తాగకుండా రెండు ఫిల్ములు తీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీకి ఆనించాడు. ఒకటి ఇరవై ఒకటో నిమిషానిది, ఇంకొకటి ఇరవై మూడుది. నలుపు తెలుపుల్లో, ఉప్పు చల్లినట్టు గరుకుగా ఉన్నాయి. పుర్రె అంచులు రెండూ కలవలేదు. చిన్నపిల్లలు కార్బన్ పేపరు జరిపి గీసిన బొమ్మలాగా ఒకటి పక్కకు జరిగింది.

సంగతి ఇదీ. మిషన్ మొదట ఎముకలు ఎక్కడెక్కడ ఎంత మందంగా ఉన్నాయో ఒక లెక్క తీసుకుంటుంది. ఎముక కిరణాలను ఆపుతుంది కనుక, ఆపినంత మళ్ళీ కలుపుకోవడానికి ఆ లెక్క కావాలి. తల తిరిగాక పాత లెక్కనే కొత్త చోట వేసింది. దాంతో ఒక వైపు లేని మసక పుట్టింది. మొదటి ఇరవై నిమిషాల బొమ్మల్లో ఎడమ వైపు ఏమీ లేదు. ఉంటే గింటే కుడి వైపు కాస్త ఉంది.

"మరి ఈ రంగుల బొమ్మల గట్ల లేదు గదన్నా?" అని మా చెల్లెలు అడిగింది.

"గదే బిడ్డా. గరుకుగ ఉన్నదాన్ని కంప్యూటర్ల పెట్టి నున్నగ గొరిగిండ్రు. గొరిగితే మచ్చ గూడ పోతది, పుండు గూడ పోతది. సూసెటోళ్ళకు మంచిగుంటది."

ఇంకోసారి స్కాన్ తీయించకుండా ఆపరేషన్‌కు ఒప్పుకోవద్దని చెప్పాడు. నేనే అడిగాను, మీకేమీ కాదా అని. ఫిల్ములు బయటికి తేవడం తప్పేనని ఒప్పుకున్నాడు. ఆ ఫిల్ములు నా చేతిలోనే పెట్టి, సర్జన్‌కు చూపించమన్నాడు.

ఆ తర్వాత మూడు ఆదివారాలు వచ్చాడు. ఎవరు రమ్మన్నారు? ఎవరూ రమ్మనలేదు. మా ముందరి గదిలో నులకమంచం మీద బల్ల పరిచి, మా చెల్లెలిని పడుకోబెట్టేవాడు. తలకు అటొకటి ఇటొకటి చిన్న జొన్నల సంచులు ఆనించేవాడు. గంటసేపు అభ్యాసం. మింగేటప్పుడు గడ్డం లేవకుండా ఎట్లా మింగాలో, దురద పుడితే దాన్ని ఎట్లా పోనివ్వాలో నేర్పాడు. మధ్యలో కావాలని తలుపు దడేల్మని వేసేవాడు. నన్ను బయటికి పోయి దాని పేరు పెట్టి పిలవమనేవాడు. మొదటి ఆదివారం పిలిచినప్పుడల్లా అది తల తిప్పింది. మూడో ఆదివారం నాటికి పక్కింటి మేకపిల్ల లోపలికి వచ్చి మంచం కోడు రాచుకున్నా కదల్లేదు. ఆయన సంబరం చూడాలి! ఆ రోజు మాత్రం రెండు జొన్నరొట్టెలు ఎక్కువ తిన్నాడు. నా తల వెనక చూసి, "మీకు రెండు సుళ్ళున్నయి టీచరమ్మా, మీ సారుకు జెప్పకుండ్రి, రెండో పెండ్లికి భయపడ్తడు" అని నవ్వించాడు. నలుగురిలో నోరు విప్పని మనిషి, ఆ గదిలో మాత్రం మాకు సొంత అన్నలాగానే ఉండేవాడు.

నేను ఫిల్ములు తీసుకుని సర్జన్ దగ్గరికి పోయాను. మొదట కోప్పడ్డాడు. తర్వాత వాటిని వెలుగులో పెట్టి చాలాసేపు చూశాడు. చూసి, మళ్ళీ స్కాన్ తీయాలని రాసిచ్చాడు. సర్జన్, ఆ సెంటర్, ఆపరేషన్ చేసే ఆస్పత్రి, అన్నీ ఒకే యాజమాన్యం కింద ఉన్నవే. అయినా ఆయన రాశాడు, అందుకు దండం పెట్టాలి.

రెండోసారి స్కాన్ రోజు జరిగింది నేను మరిచిపోలేను. మా చెల్లెలిని పడుకోబెట్టి, మందు ఎక్కడం మొదలయ్యాక, కంప్యూటర్ ముందు తోటి మనిషిని కూర్చోబెట్టి, తను బయటికి వచ్చి తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. నిమిషాలు రాయమని ఆ చిన్న పుస్తకం కూడా తోటి మనిషికే ఇచ్చాడు. అరగంట కాకముందే పెద్ద డాక్టరు వచ్చాడు. తెరవమన్నాడు. ఇంకో అరగంట పడుతుందని ఈయన చెప్పాడు. వరండాలో అందరూ చూస్తున్నారు, నర్సులు, రోగులు, వాళ్ళ వెంట వచ్చినవాళ్ళు. డాక్టరు ముఖం ఎర్రబడింది. నీ మంగలి బుద్ధి నా సెంటర్లో చూపిస్తావా, తలలు పట్టుకునే పని చేసుకోవాలంటే మీ ఊరికి పో అన్నాడు. ఇంత చదువుకున్న మనిషి. అంత మంది ముందు. ఒక్కరు కూడా ఇదేం మాట అనలేదు. నేను కూడా అనలేదు.

ఆయన తలుపు దగ్గర నుంచి కదల్లేదు. గొంతు కూడా పెంచలేదు.

"మంగలి పనే సార్ ఇది. ఆడ తలకాయ కదిలితే నెత్తురొస్తది, ఎంబడే తెలుస్తది. ఈడ కదిలితే నెత్తురు రాదు. బొమ్మ గూడ మంచిగనే వస్తది. గందుకే నాకు భయం."

లెక్కల సారు చెప్పిన పొగరు ఇదే! ఎవరిదో ఒకరి పుర్రెను తప్పు వైపు కోయకుండా తలుపుకు అడ్డం నిలబడటం పొగరు. మరి పూలగుత్తులు పట్టుకుని లోపలికి పోయి లైట్లు వేయడం ఏమిటి? దాన్ని ఎవరూ పొగరనలేదు. దానికి శాలువాలు కప్పారు, పేపర్లో ఫొటోలు వేశారు.

గంట అయ్యాక తలుపు తీశాడు. మా చెల్లెలు గోరంత కదల్లేదు. పుస్తకంలో ఆ రోజు నిమిషాల పక్కన ఏమీ లేదు, మింగింది అని రెండుచోట్ల తప్ప. ఈసారి బొమ్మలను గొరగకుండా, మొదటి నుంచి చివరిదాకా ఒకదానితో ఒకటి కలుస్తున్నాయో లేదో ఒక్కొక్కటీ ఆయనే చూసుకుని, ఆ తర్వాతే కలిపాడట. రిపోర్టు వచ్చింది. కుడి. సర్జన్ ఆపరేషన్ తారీఖు ఖాయం చేశాడు.

ఆపరేషన్ ఇంకా తొమ్మిది రోజులుందనగా సెంటర్ ఆఫీసు నుంచి నాకు ఫోను. వెళ్ళాను. మేనేజరు చాలా మర్యాదగా కూర్చోబెట్టాడు. సెంటర్ ఫిల్ములు బయటికి పోయాయని, విచారణ జరుగుతున్నదని, జరిగింది జరిగినట్టు రాసిస్తే చాలని అన్నాడు. ముందు ఒక తెల్లకాగితం పెట్టాడు. నేను కాసేపు కూర్చున్నాను. తర్వాత రాశాను. ఆయన తనంతట తానే మా ఇంటికి వచ్చాడని, మేము అడగకుండానే ఫిల్ములు చూపించాడని, మమ్మల్ని భయపెట్టాడని. మూడు ఆదివారాల సంగతి రాయలేదు. జొన్నల సంచుల సంగతి రాయలేదు. తలుపు దగ్గర డాక్టరు అన్న మాట రాయలేదు. ఇరవై రెండో నిమిషం గురించి ఒక్క అక్షరం రాయలేదు. కింద సంతకం పెట్టాను, హోదా రాసే చోట ఉపాధ్యాయురాలు అని కూడా రాశాను.

ఆపరేషన్ బాగా జరిగింది. తీసిన ముక్కను పరీక్షిస్తే అక్కడే పాత మచ్చ ఉందన్నారు. మా చెల్లెలు కళ్ళు తెరిచి, గొంతు ఎండుతున్నది నీళ్ళియ్యి అక్కా అంది. ఆ రోజు నుంచి దానికి మూర్ఛ రాలేదు. మళ్ళీ చూపించడానికి మూడు నెలలకు పోతే, ఆస్పత్రి వరండాలో ఒక పెద్ద బొమ్మకు అద్దం కట్టించి వేలాడదీశారు. మా చెల్లెలి తల. రెండో స్కాన్‌ది. కింద పెద్ద డాక్టరు పేరు, కదలికల దోషం లేని స్పష్టమైన మెదడు చిత్రాలు సాధించిన పద్ధతి అని రాసి ఉంది. దాన్ని సభల్లో చూపిస్తున్నారట. నేను ఆయన ఎక్కడున్నాడని ఒక నర్సును అడిగాను. మీకు తెలియదా అని, నన్ను అదోలా చూసింది. ఇంకేమీ అడగకుండా వచ్చేశాను. ఆయన అడ్రసు కనుక్కోవడం కష్టమేమీ కాదు, కోడేరు ఎంత దూరమని. రెండేళ్ళు కనుక్కోలేదు.

తర్వాత తుంగభద్ర పొంగి అలంపూరు మునిగింది. నీళ్ళు తీశాక, ఇళ్ళు పోయినవాళ్ళ పేర్లు రాయడానికి మా టీచర్లను ఆ వైపు పంపారు. ఒక బడిలో జనాన్ని ఉంచారు. గోడల మీద నడుం ఎత్తున బురద గీత. తడిసిన చాపలు, బొంతలు, ఎక్కడ చూసినా అదే. వరండా చివర బల్ల మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు, గడ్డం నిండా ఎండిన బురద. ఆయన తల పట్టుకుని, వెచ్చని నీళ్ళతో తడిపి, నెమ్మదిగా గడ్డం గీస్తున్న మనిషిని వెనక నుంచి చూసి కూడా గుర్తుపట్టాను.

గద్వాలలో దుకాణం పెట్టుకున్నాడట. దుకాణం మూసి, డబ్బా పట్టుకుని తనంతట తానే వచ్చాడు. పొద్దున్నుంచి ఎంతమందికి చేశాడో, చొక్కా మీద వెంట్రుకలు. నన్ను చూశాడు. ముఖం కాదు, తల. గుర్తుపట్టాడు.

"బిడ్డెట్లున్నది టీచరమ్మా?"

బాగుందని చెప్పాను. మాట సరిగ్గా వస్తున్నదా అని అడిగాడు. వస్తున్నదన్నాను. మూర్ఛలు? లేవు. ఏ దిక్కు కోశారని అడిగాడు. కుడి అన్నాను. తీసిన ముక్కలో ఏముందన్నారని అడిగాడు. మచ్చ ఉందన్నారని చెప్పాను. కత్తిని ముసలాయన చెంప నుంచి పైకి లేపి అట్లాగే పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. రెండేళ్ళు ఈ మనిషి ఈ ఒక్క సంగతి తెలియక బతికాడు. తను చూసింది నిజమో కాదో ఎవరూ చెప్పలేదు. నేను ఒక పోస్టుకార్డు రాసి ఉండవచ్చు. రాయలేదు.

మళ్ళీ పనిలో పడ్డాడు. ముసలాయన గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి పైకెత్తాడు. నేను వెళ్ళిపోదామని పుస్తకం సర్దుకుంటుంటే, అటే చూస్తూ అన్నాడు.

"మీరు రాసిన కాగితం నాకు సదివి ఇనిపిచ్చిండ్రు."

నేను నిలబడిపోయాను. క్షమించమని అడగాలి. పుస్తకంలో కాగితాలు మళ్ళీ సర్దాను.

"రాయకుంటే ఆపరేషన్ ఆపుతమన్నరా?"

తలూపాను. అన్నారు అన్నట్టు.

"గదే అనుకున్న. లేకుంటే మీరు గట్ల రాయరు. మా ఇంట్ల గూడ గదే చెప్పిన" అన్నాడు. మొట్టమొదటిసారి నా తల వైపు కాకుండా నా కళ్ళలోకి చూశాడు. ముఖం తేటపడింది. ముసలాయన తలను మెల్లగా రెండో వైపుకు తిప్పుకున్నాడు.

ఎవరూ అనలేదు. ఆ రోజు మేనేజరు గదిలో ఆపరేషన్ మాట ఒక్కరు కూడా ఎత్తలేదు.